వాఘాల జెండా దిగంగ ఏం జూడాలె?

2018 డిసెంబర్ల దోస్తులతోని అమృత్‌సర్ పోయిన. స్వర్ణ దేవాలయం జూసినంక ‘వాఘా జూడకుంట ఎట్ల మల్లుతం’ అన్నరు. ముప్పై కిలోమీటర్లు పోతే అటారీ వచ్చింది. మనం వాఘా బార్డర్ అంటం గని, మన దిక్కు ఊరు అటారీ. వాఘా గేటవతల, పాకిస్తాన్ల ఉంటది.

కూసునేతందుకు స్టేడియం లెక్క మెట్లున్నయ్. మైకు వట్టుకున్న జవాను చెయ్యి లేపుడే ఆలస్యం, వేలమంది ఒక్కపారే జై కొట్టిన్రు. నా గొంతు గూడ వోయింది. అవతల గూడ గంతే లొల్లి. ఎర్ర కుచ్చు తలపాగల మన బీఎస్ఎఫ్ జవాన్లు కాలు నెత్తిదాక లేపి నేలకు గొడ్తరు. నల్ల డ్రెస్సుల పాకిస్తాన్ రేంజర్లు గూడ అట్లనే. మీసం తిప్పుడు, కండ్లురుముడు జూస్తే ఇగ కొట్లాటే అనిపిస్తది.

నిమ్మలంగ జూస్తే అసలు ముచ్చట వేరే. 1959 నుంచి నడుస్తున్న ఈ కవాతు పేరు బీటింగ్ రిట్రీట్. పాతకాలంల పొద్దుగూకంగ డోలు కొట్టి, బూర ఊది, ‘ఇయ్యాల్టికి కొట్లాట బంద్, గుడారాలకు రాండ్రి’ అని సిపాయిలను పిలిచెటోళ్లు. అంటే ఇది కొట్లాట ఆపేటి ఆచారం. నేను పోయిన్నాడు గేటు తెరిచిన్రు, షేక్‌హ్యాండ్ ఇచ్చుకున్నరు. ఒక జెండా మీద, ఒకటి కింద ఉండకుంట రెండు ఒక్కపారే దించిన్రు. ఎదుటోనితోని లెక్క కలవకుంటే ఈ పని కాదు.

గా గేటు విలువ నాకు తర్వాత ఎర్కైంది. నేనాడ ఒర్రిన నెలలనే ఉత్తరాంధ్ర జాలర్లు కరాచీ జైళ్ల ఉన్నరు. బతుకుదెరువుకు గుజరాత్ పోయి పడవలల్ల పనిజేస్తుంటే, నవంబర్ల పాకిస్తానోళ్లు వట్టుకపోయిన్రు. సముద్రంల గీత గీసి ఉండదు గద. ఏడాది దాటినంక, 2020 జనవరి 6న, 20 మంది ఈ గేటుకెళ్లే మన నేల మీద కాలువెట్టిన్రు. ఆ వార్త జూసినప్పుడు నేను జై కొట్టిన మెట్లు యాదికొచ్చినయ్.

2025 ఏప్రిల్ 22న పహల్గాంల 26 మందిని సంపిన్రు. అటెన్క అటారీ చెక్‌పోస్ట్ మూసిన్రు. కొన్ని దినాలు జనాన్ని గూడ రానియ్యలే. మే నెలల కవాతు మళ్ల షురువైంది గని గేటు తెరువలే, షేక్‌హ్యాండ్ ఇయ్యలే. మనుషులను పోగొట్టుకున్న ఇండ్లకు కోపం ఉంటది, ఆ కోపం న్యాయమే. గని గేటు మూస్తే ఆగేది దుష్మన్ ఒక్కడే గాదు. చుట్టాలు, సరుకుల లారీల హమాలీలు, జైళ్లకెళ్లి ఇంటికి రావాల్సినోళ్లు గూడ ఆగుతరు.

తమ్మీ, నువ్వు పోతే మనసునిండ జై కొట్టు. గని జెండాలు దిగేటప్పుడు మాత్రం ఫోన్ జేబుల వెట్టి ఆ తాళ్ల దిక్కు జూడు. రెండు దిక్కుల తాళ్లు ఒక్క తీరుగనే వదుల్తరు.