చుక్క నీరూ అమానతే

మూసీ నది వికారాబాద్ సమీపంలోని అనంతగిరి కొండల్లో పుడుతుంది. కాగ్నా నది తాండూరు మీదుగా సాగి భీమా నదిలో కలుస్తుంది. అయినప్పటికీ వేసవి వస్తే బోర్లు అడుగంటడం ఈ ప్రాంత కుటుంబాలకు కొత్త విషయం కాదు. నీరు లేదని బాధపడే ఇంట్లోనే రాత్రంతా నల్లా కారుతూ ఉంటే దానిని ఏమనాలి?

దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఒక ముద్ద్ నీటితో వుజూ చేసేవారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఈ విషయం ఉంది. ముద్ద్ కొలత విషయంలో ఇమాముల మధ్య కొద్దిపాటి తేడా ఉన్నా, అది సుమారు ముప్పావు లీటరు నుంచి లీటరు వరకు ఉంటుంది. ఇక మన నల్లా లెక్క చూద్దాం. సెకనుకు ఒక చుక్క చొప్పున కారితే రోజుకు దాదాపు 20 లీటర్లు పోతాయి. నలుగురున్న కుటుంబం ఐదు పూటలా వుజూ చేసుకోవడానికి ఆ నీరు సరిపోతుంది. తినండి, త్రాగండి, కాని మితిమీరకండి అన్న అల్ ఆరాఫ్ సూరాలోని (7:31) ఆదేశం భోజనపు పళ్ళేనికి ఎలా వర్తిస్తుందో, నల్లాకూ అలాగే వర్తిస్తుంది.

సున్నపు నేల, గట్టి నీరు

తాండూరు నాపరాయి సున్నపురాయి జాతికి చెందినది. అటువంటి నేల నుంచి వచ్చే బోరు నీటిలో కాల్షియం అధికంగా ఉంటుంది. నల్లా మూతి వద్ద, షవర్ రంధ్రాలలో, గీజర్ లోపల తెల్లని పొరగా పేరుకునేది అదే. ఆ పొర గరుకుదనానికి వాషర్లు త్వరగా అరిగిపోతాయి. గీజర్‌లో నీరు వేడెక్కడానికి కరెంటు ఎక్కువ ఖర్చవుతుంది.

షవర్ మూతిని విప్పి, సిర్కాలో కొన్ని గంటలు నానబెట్టి, పాత బ్రష్‌తో రుద్దితే పొర వదులుతుంది. అయితే సిర్కా గానీ యాసిడ్ గానీ నాపరాళ్ళ నేలపై పడనీయరాదు. సున్నపురాయిని ఆమ్లం తినేస్తుంది, నునుపు పోతుంది. యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడర్‌తో ఎన్నడూ కలపరాదు. అందులోంచి వెలువడే విషవాయువు ప్రాణాంతకం కాగలదు.

ఇంట్లోనే చేసుకోగల పనులు

నల్లా కారుతుంటే ముందుగా గేట్ వాల్వ్ కట్టి, నల్లా తిప్పి మిగిలిన నీటిని వదిలేయాలి. చిన్న భాగాలు జారిపోకుండా జాలీపై గుడ్డ కప్పాలి. పానాతో నల్లా పైభాగం విప్పి, అరిగిన వాషర్ స్థానంలో అదే కొలత గలది వేసి బిగించాలి. సగం తిప్పితే తెరుచుకునే కొత్త రకం నల్లాలలో వాషర్‌కు బదులు లోపలి స్పిండిల్‌నే మార్చవలసి ఉంటుంది. గేట్ వాల్వ్ ఎక్కడుందో ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి. రెండు నెలలకొకసారి దానిని తిప్పుతూ ఉంటే బిగుసుకుపోదు.

ఫ్లష్ ట్యాంకు లోపల లీకేజీ కంటికి కనిపించదు. ట్యాంకులో వంటరంగు కొద్దిగా కలిపి, అరగంట ఫ్లష్ చేయకుండా చూడండి. కమోడ్‌లోకి రంగు దిగితే అడుగు రబ్బరు మార్చవలసిందే. ఇల్లంతా పరీక్షించాలంటే, పడుకునే ముందు మోటారు, నల్లాలు కట్టేసి ఓవర్‌హెడ్ ట్యాంకులో నీటి మట్టం గుర్తుపెట్టుకోండి. రాత్రి ఎవరూ నీరు వాడకపోయినా ఫజ్ర్ వేళకు మట్టం తగ్గి ఉంటే ఎక్కడో పైపు కారుతున్నట్లే.

పొరుగువారి హక్కు

మన స్నానపుగది నీరు ఊరి, పక్కింటి గోడ చెమ్మగిల్లితే అది మన సొంత వ్యవహారంగా మిగలదు. పొరుగువారికి మన వల్ల కీడు కలగకూడదన్నది ప్రవక్త (సఅసం) గట్టిగా చెప్పిన విషయం. దారిలోని అడ్డును తొలగించడం విశ్వాసంలో భాగమని కూడా ఆయన బోధించారు. మన ఇంటి మురుగు వీధిలో నిలిచి, నమాజుకు వెళ్ళేవారి బట్టలు తడిపితే ఆ బోధన ఏమైనట్లు? ఫిర్యాదు వచ్చేదాకా ఆగకుండా మేస్త్రీని పిలిపించడం మన బాధ్యత.

వాషర్ ఖరీదు స్వల్పం, బిగించే పని అరగంట. ఈ జుమా సెలవు పూటనో, ఆదివారమో పిల్లలను వెంటబెట్టుకుని ఇంట్లోని నల్లాలన్నీ ఒకసారి పరిశీలించండి. నీటిని కాపాడటం మాటలలో విన్న పిల్లల కన్నా చేతులతో చేసిన పిల్లలకు బాగా గుర్తుంటుంది. అల్లాహ్ తన అనుగ్రహాలను దుబారా చేయకుండా వినియోగించుకునే భాగ్యాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.