బీప్ వస్తే బంగారమేనా..? ఎర్రమట్టిలో మెటల్ డిటెక్టర్లు ఎందుకు బోల్తా పడతాయో తెలుసా!

చెవులకు హెడ్‌ఫోన్స్.. చేతిలో పొడవాటి కర్రలాంటి మెషీన్. ఎర్రటి నేల మీద దాన్ని అటూ ఇటూ ఊపుతూ ఒకాయన నడుస్తుంటాడు. ఉన్నట్టుండి సన్నగా ఓ సౌండ్. చిన్న పికాసుతో నాలుగు దెబ్బలు వేస్తాడో లేదో, మట్టిలోంచి పచ్చగా మెరిసే ముద్ద బయటపడుతుంది. ముప్పై సెకన్ల వీడియో. ఇలాంటివి మీ ఫోన్‌లో కూడా కనిపించే ఉంటాయి. కింద కామెంట్లలో ఒకటే ప్రశ్న.. ఆ మెషీన్ ఎంత? మన ఊళ్లో పనిచేస్తుందా?

ఈ ప్రశ్నకు జవాబు మెషీన్‌లో కంటే నేలలోనే ఎక్కువ ఉంది. అదేంటో చూద్దాం.

అసలు ఈ వేట ఎక్కడ జరుగుతుందంటే..

ఇలాంటి వేటకు పెట్టింది పేరు ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం. మెల్‌బోర్న్ నుంచి కారులో రెండు మూడు గంటలు వెళితే బల్లారట్, బెండిగో, డనొలీ, వెడర్‌బర్న్ లాంటి ఊళ్లు వస్తాయి. ఆ ప్రాంతాన్ని గోల్డెన్ ట్రయాంగిల్ అంటారు. 1851లో అక్కడ బంగారం బయటపడగానే ప్రపంచం నలుమూలల నుంచి జనం ఎగబడ్డారు. 1869లో మోలియాగల్ అనే చోట ఇద్దరు గని కార్మికులకు ఓ చెట్టు వేళ్ల దగ్గర, నేల పైపైనే 70 కిలోలకు పైగా బంగారమున్న ముద్ద దొరికింది. అప్పటికి డిటెక్టర్లు లేవు. పికాసుకు తగిలింది, అంతే.

ఆ తర్వాత వందేళ్లకు డిటెక్టర్లు వచ్చాయి. 1980లో కింగోవర్ దగ్గర కెవిన్ హిల్లియర్ అనే ఆయనకు డిటెక్టర్ సాయంతో 27 కిలోల ముద్ద దొరికింది. దాదాపు అడుగు లోతులోనే ఉందది! దానికి 'హ్యాండ్ ఆఫ్ ఫెయిత్' అని పేరు పెట్టారు. లాస్ వెగాస్‌లోని గోల్డెన్ నగెట్ క్యాసినో దాన్ని పది లక్షల డాలర్లకు పైగా పెట్టి కొనుక్కుంది. 2023లోనూ ఇలాంటిదే ఓ వార్త ప్రపంచమంతా చుట్టేసింది. దాదాపు 1,200 ఆస్ట్రేలియా డాలర్ల మామూలు డిటెక్టర్‌తో తిరుగుతున్న ఒకాయనకు 4.6 కిలోల రాయి దొరికింది. అందులో బంగారమే 2.6 కిలోలు. విలువ 2 లక్షల 40 వేల డాలర్లు.. అంటే అప్పటి లెక్కలో మన కోటీ ముప్పై లక్షల రూపాయల దాకా.

ఇవన్నీ నిజాలే. కాకపోతే ఆ ముప్పై సెకన్ల వీడియోకు ముందు ఎన్ని రోజులు తిరిగారో, ఎన్ని తుప్పు మేకులు తవ్వారో రీల్‌లో కనిపించదు. పాత బూట్ల మేకులు, తుపాకీ సీసపు గుళ్లు, కూల్‌డ్రింక్ డబ్బాల రింగులు.. జేబు నిండా ఇవే ఉంటాయి.

మెషీన్‌కు బంగారం అంటే తెలియదు!

డిటెక్టర్ అడుగున గుండ్రంగా ఉండే ప్లేట్‌ను కాయిల్ అంటారు. లోపల రాగి తీగ చుట్లు ఉంటాయి. అందులో కరెంట్ వెళ్లగానే అయస్కాంత క్షేత్రం పుట్టి నేలలోకి దిగుతుంది. కింద ఏదైనా లోహం ఉంటే దానిలో చిన్న చిన్న సుడి కరెంట్లు పుడతాయి. ఆ కరెంట్లు మళ్లీ తమ సొంత అయస్కాంత క్షేత్రాన్ని పైకి పంపుతాయి. కాయిల్ దాన్ని పట్టుకుని సౌండ్‌గా మారుస్తుంది.

జరిగేది ఇంతే. మేకైనా, సీసపు గుండైనా, ఉంగరమైనా.. మెషీన్‌కు అన్నీ కరెంట్ పారే వస్తువులే. స్క్రీన్ మీద కనిపించే నంబర్ ఒక అంచనా మాత్రమే.

1881లో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్‌పై కాల్పులు జరిగాయి. ఒంట్లో బుల్లెట్ ఎక్కడుందో డాక్టర్లకు దొరకలేదు. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇలాంటి ఓ పరికరాన్నే తయారు చేసి తీసుకొచ్చారు. అయినా పని కాలేదు. పరుపు కింద ఉన్న ఉక్కు స్ప్రింగులు పరికరాన్ని గందరగోళపరిచాయని చెబుతారు. ఎక్కడ పెట్టినా సౌండే! గార్‌ఫీల్డ్ ఆ ఏడాది సెప్టెంబర్‌లో చనిపోయారు. ఎర్రనేలలో బంగారం వెతికేవాళ్ల పరిస్థితి కూడా సరిగ్గా ఇదే. వాళ్లకు పరుపు కింద స్ప్రింగుల్లాంటిది కాళ్ల కింది మట్టే.

మట్టే మాట్లాడితే..?

చిన్నప్పుడు పాత స్పీకర్‌లోని అయస్కాంతం తీసి ఇసుకలో దొర్లించిన వాళ్లకు గుర్తుండే ఉంటుంది. నల్లటి రవ్వలు మీసాల్లా అంటుకుంటాయి. అది మాగ్నెటైట్.. ఇనుము కలిసిన ఖనిజం. మట్టికి ఎర్ర రంగు ఇచ్చేది కూడా ఇనుప ఆక్సైడే కానీ, డిటెక్టర్‌ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఈ మాగ్నెటైట్, దాని చుట్టం లాంటి మ్యాగ్‌హెమైట్. అడవులు తగలబడినప్పుడు ఆ వేడికి మట్టిలోని ఇనుప ఆక్సైడ్లు మ్యాగ్‌హెమైట్‌గా మారుతుంటాయి. ఆస్ట్రేలియాలో కార్చిచ్చుల గురించి చెప్పేదేముంది.. అందుకే అక్కడి నేల ప్రపంచంలోనే డిటెక్టర్లకు అతి కష్టమైన నేలల్లో ఒకటి.

ఇలాంటి నేల మీద కాయిల్ పెడితే మట్టి ఇచ్చే సిగ్నల్ కింద ఉన్న చిన్న బంగారు రవ్వ సిగ్నల్ కంటే ఎన్నో రెట్లు పెద్దగా ఉంటుంది. జాతరలో తప్పిపోయిన పిల్లాడి ఏడుపు మైకుల హోరులో వినాలంటే ఎలా ఉంటుందో అలాగన్నమాట. పైగా మధ్యలో 'హాట్ రాక్స్' అనే రాళ్లుంటాయి. చుట్టూ ఉన్న మట్టి కంటే వీటిలో ఇనుము ఎక్కువ. అచ్చం లోహంలాగే బీప్ ఇచ్చి తవ్వించేస్తాయి.

దీనికి మొదటి మందు 'గ్రౌండ్ బ్యాలెన్స్'. లోహం లేని చోట చూసుకుని కాయిల్‌ను నాలుగైదు సార్లు పైకీ కిందకీ ఆడిస్తారు. ఇది మట్టి, దీన్ని పట్టించుకోకు అని మెషీన్‌కు నేర్పడం అన్నమాట. కొత్త మెషీన్లలో చాలావరకు ఇది ఆటోమేటిక్‌గా జరిగిపోతుంది. కానీ నేల ఒకేలా ఉండదు కదా. పది అడుగులు వేస్తే మట్టి మారిపోతుంది, మళ్లీ గోల మొదలు.

గుడి గంటను గుర్తు తెచ్చుకోండి

మార్కెట్లో మామూలుగా దొరికే డిటెక్టర్లు ఎక్కువగా వీఎల్‌ఎఫ్ రకం. అవి సిగ్నల్ ఆపకుండా పంపుతూనే, తిరిగొచ్చే దాన్ని వింటుంటాయి. లోహం ఏ రకమో కొంతవరకు చెప్పగలవు, ధర తక్కువ, బరువు తక్కువ. సాధారణ నేలలో భేషుగ్గా పనిచేస్తాయి. ఖనిజాలు బాగా ఉన్న నేలలో మాత్రం లోతు పడిపోతుంది. మామూలు నేలలో జానెడు లోతున దొరికే వస్తువు ఇక్కడ రెండు మూడు అంగుళాలు దాటితే మాయం!

రెండో రకం పల్స్ ఇండక్షన్. గుడి గంటను కొడితే చేయి తీసేశాక కూడా కాసేపు మోగుతుంది. మట్టి కుండను కొడితే టక్కున ఆగిపోతుంది. పల్స్ మెషీన్ చేసే పని ఇదే. కరెంట్‌ను ఒక్క దెబ్బలా పంపి, ఆపేసి, సెకనులో లక్షల వంతు సమయం తర్వాత వింటుంది. మాగ్నెటైట్ అప్పటికే మూగబోతుంది. లోహం ఇంకా మోగుతుంటుంది. ముద్ద పెద్దదైతే ఎక్కువసేపు, రవ్వైతే కొద్దిసేపు.

మరి మ్యాగ్‌హెమైట్? అక్కడే చిక్కు. దానిలోని అతి సన్నటి రేణువులు కూడా దెబ్బ తర్వాత కాసేపు మోగుతాయి. అడిలైడ్‌కు చెందిన బ్రూస్ క్యాండీ అనే భౌతిక శాస్త్రవేత్త మైన్‌ల్యాబ్ కంపెనీ కోసం దీనికో ఉపాయం కనిపెట్టారు. పొట్టి పల్స్, పొడవు పల్స్.. రెండూ కలిపి పంపి, వచ్చిన జవాబులను పోల్చి, రెండిట్లోంచీ మట్టి వాటాను తీసేయడం. 1990ల మధ్యలో ఈ టెక్నాలజీతో మెషీన్లు రాగానే, ఇక ఏమీ లేదని వదిలేసిన పాత గోల్డెన్ ట్రయాంగిల్ నేలల్లో మళ్లీ బంగారం దొరకడం మొదలైంది.

అయితే ఇక్కడో మెలిక ఉంది. మట్టి మోగే తీరులోనే మోగే బంగారం కూడా కొంత ఉంటుంది. మట్టిని తీసేస్తే దానితో పాటు ఆ బంగారమూ పోతుంది. ఏ మెషీన్ అమ్మేవాడూ ఈ మాట గట్టిగా చెప్పడు. లక్షలు పోసి కొన్న మెషీన్ అయినా సరే కొన్ని ముద్దల మీదుగా నిశ్శబ్దంగా వెళ్లిపోతుంది. పైగా పల్స్ మెషీన్లు ఇనుమును, బంగారాన్ని నమ్మకంగా వేరు చేయలేవు. బీప్ వచ్చిన ప్రతి చోటా తవ్వాల్సిందే.

బుల్లెట్ కాస్తా మేకైపోతుంది

బంగారమే కాదు, పాత వస్తువులు వెతికేవాళ్లదీ ఇదే గోస. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని కల్పెపర్ కౌంటీ దీనికి బాగా పేరుపడ్డ చోటు. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఉత్తర వర్జీనియాకు దగ్గరే. అంతర్యుద్ధం రోజుల్లో, 1863 జూన్ 9న అక్కడి బ్రాండీ స్టేషన్‌లో భారీ అశ్వికదళ పోరు జరిగింది. ఆ చలికాలమంతా యూనియన్ సైన్యం ఆ చుట్టుపక్కలే గుడారాలు వేసుకుంది. బుల్లెట్లు, గుండీలు, బెల్టు బకిల్స్ నేలలో మిగిలిపోయాయి.

నేల మాత్రం ఇనుము నిండిన ఎర్రమట్టి. వీఎల్‌ఎఫ్ డిటెక్టర్ స్క్రీన్ మీద కొన్ని అంగుళాల లోతున ఉన్న సీసపు బుల్లెట్ తుప్పు మేకులాగా కనిపిస్తుంది. ఇనుము వద్దని సెట్టింగ్ పెట్టుకున్నవాడు దాన్ని దాటుకుని వెళ్లిపోతాడు. అలాగని ఎక్కడ పడితే అక్కడ తవ్వడానికి వీల్లేదు. ప్రైవేటు పొలమైతే యజమాని అనుమతి ఉండాలి. ఫెడరల్ భూముల్లో వందేళ్లు దాటిన చారిత్రక వస్తువులను పర్మిట్ లేకుండా తవ్వి తీస్తే 1979 చట్టం కింద నేరం. విక్టోరియాలోనూ 'మైనర్స్ రైట్' అనే పర్మిట్ తీసుకోవాలి. అది పదేళ్లు చెల్లుతుంది. చేతి పనిముట్లే వాడాలి, తవ్విన గొయ్యి పూడ్చాలి. నేషనల్ పార్కుల్లో చాలావరకు నిషేధం. మెల్‌బోర్న్‌లో ఉన్న మనవాళ్లు వీకెండ్‌లో సరదాగా వెళ్లాలనుకున్నా ముందు ఆ పర్మిట్ తీసుకోవాల్సిందే.

మరి మన దగ్గర..?

కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి ప్రాంతాల్లో తొలకరి పడగానే జనం వజ్రాల కోసం పొలాల్లో వెతకడం ఏటా చూస్తున్నదే. వజ్రంలో కరెంట్ పారదు. కాబట్టి ఎంత ఖరీదైన డిటెక్టర్ తెచ్చినా దాని పక్కనే ఉన్న మేకు దొరుకుతుంది తప్ప వజ్రం దొరకదు. అక్కడ కళ్లే డిటెక్టర్లు. జొన్నగిరిలో బంగారం కూడా ఉంది కదా అంటారా? ఉంది. కానీ టన్ను రాయికి గ్రాముల లెక్కలో, కంటికి కనిపించనంత సన్నగా రాతిలో కలిసిపోయి ఉంటుంది. దాన్ని గనిలో తవ్వి, మర పట్టి తీయాలి. అలాంటి రవ్వలకు డిటెక్టర్ పలకదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ యాక్ట్ ఇప్పటికీ అమల్లో ఉంది. నేలలో దాగి ఉన్న, పది రూపాయలకు మించిన విలువైనది ఏది దొరికినా కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. ఏం దొరికింది, ఎక్కడ, ఏ రోజు.. అన్నీ రాయాలి. దాచిపెడితే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సొంత పొలమైనా సరే. రక్షిత కట్టడాల దగ్గర లైసెన్స్ లేకుండా తవ్వితే వేరే కేసు. ఖనిజాల కోసం వెతకాలన్నా లైసెన్స్ కావాలి. గుప్తనిధుల కోసం పాత గుళ్ల దగ్గర తవ్వి అరెస్టయిన వార్తలు మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని వచ్చాయో మీకు తెలిసిందే.

అన్నిటికంటే ప్రమాదం ఇంకోటి ఉంది. చేతిలో యాంటెనా పట్టుకుని నిలబడితే, కిలోమీటర్ దూరంలో ఉన్న బంగారం వైపు అదే తిరుగుతుందంటూ 'లాంగ్ రేంజ్' మెషీన్లు అమ్ముతుంటారు. పైన చెప్పుకున్న ఏ సైన్స్ ప్రకారమూ అది సాధ్యం కాదు. నిజమైన డిటెక్టర్‌కు నాణెమంత వస్తువు అడుగు లోతులో దొరకడమే గొప్ప. బ్రిటన్‌లో జేమ్స్ మెక్‌కార్మిక్ అనే వ్యాపారి ఇలాంటి యాంటెనా పరికరాన్నే బాంబులు పట్టేస్తుందంటూ ఇరాక్‌కు అమ్మాడు. పోయిన గోల్ఫ్ బంతులు వెతికిపెడుతుందని అమ్మే ఓ ఆటవస్తువే దానికి మూలం. బాగ్దాద్ చెక్‌పోస్టుల్లో దాన్ని నమ్ముకున్నవాళ్లు ఉన్నారు. 2013లో అతనికి కోర్టు పదేళ్ల జైలు శిక్ష వేసింది.

మీ ఊళ్లో ఎవరైనా అలాంటి మెషీన్ చూపించి డబ్బులడిగితే చేయాల్సింది చాలా సింపుల్. అతను లేనప్పుడు మీ ఎర్రమట్టి చేల్లోనే జానెడు లోతున పది గుంతలు తీసి, ఒక్కదాంట్లో మీ ఉంగరం పెట్టి, అన్నీ ఒకేలా పూడ్చేయండి. ఉంగరం ఎక్కడుందో తెలిసినవాళ్లు ఎవరూ అక్కడ నిలబడకూడదు. తర్వాత అతన్ని పిలిచి వెతకమనండి. ఒకసారి గుడ్డిగా తగలొచ్చు.. అందుకే గుంత మార్చి మళ్లీ మళ్లీ పెట్టండి. నేలలో దోషం ఉంది, ఇవాళ అమావాస్య, మీ ఇంట్లో మైల ఉంది అంటూ సాకులు మొదలయ్యాయంటే డబ్బుల సంచి లోపల పెట్టేయండి.