మట్టితో ఒక రోజు

పక్షవాతం వచ్చి ఇంటికి చేరిన మనిషికి తినిపించడం, తాగించడం, బట్టలు వేయడం అన్నీ మీరే చేస్తున్నారా? అది ప్రేమే. కానీ పని లేని చెయ్యి బిగుసుకుపోతుంది. పదేపదే చేయిస్తేనే మెదడు ఆ పనిని మళ్ళీ నేర్చుకుంటుంది. ఫిజియోథెరపీ వ్యాయామాలు మానకుండా, డాక్టరుగారిని అడిగి, వారానికి ఒక రోజు మట్టితో గడపనివ్వండి.

ఉదయం ఎండ ముదరకముందే చేతుల కుర్చీలో కూర్చోబెట్టండి. పూలకుండీని బల్ల మీద, చేతికి అందేలా పెట్టండి. మెంతులు చల్లించి, చిన్న గ్లాసుతో నీళ్ళు పోయించండి. 3 నుంచి 5 రోజుల్లో మొలకలు వస్తాయి. వాటిని చూడాలని తొందరపడి లేస్తారు, పక్కన ఒకరు తప్పక ఉండండి.

మధ్యాహ్నం విశ్రాంతి. సాయంత్రం నిమ్మకాయంత బంకమట్టి ముద్ద ఇవ్వండి. పిసకడం, ఉండ చేయడం, బొటనవేలితో నొక్కి ప్రమిద చేయడం వేళ్ళకు మంచి పని. బలహీనమైన చేతికి రెండో చెయ్యి సాయం పట్టవచ్చు. మీరు మాత్రం ఆ చేతిని పట్టి లాగవద్దు, భుజం దెబ్బతింటుంది. నొప్పి, అలసట అంటే వెంటనే ఆపండి.

జాగ్రత్తలు:
- స్పర్శ తెలియని చోట గాయమైనా తెలియదు. పని అయ్యాక సబ్బుతో కడిగి, వేళ్ళు, పాదాలు పరీక్షగా చూడండి.
- షుగరు ఉంటే చెప్పులు లేకుండా మట్టిలో నడవనివ్వకండి.
- ధనుర్వాతం టీకా సంగతి నర్సును అడగండి.

ప్రమిద వంకరగా వస్తుంది. "ఉండు నాన్నా, నేను చేస్తాను" అనబోతారు. ఆ ఒక్క మాట ఆపుకోండి.