ఒక్క భుజం మోయలేని బరువు

పొలంలో గడ్డిమోపు కట్టుకోవడం ఒక్కరి పనే. దాన్ని తలకెత్తుకోవడానికి మాత్రం రెండో మనిషి కావాలి. అందుకే గట్టు మీద నిలబడి, దారిన పోయేవారిని "కాస్త ఓ చెయ్యి వెయ్యండి" అని అడుగుతాము. చెయ్యి వేసినవారు మోపును మన ఇంటిదాకా మోయరు. ఎత్తి తలమీద పెట్టి తమ దారిన తాము పోతారు. అయినా ఆ ఒక్క చెయ్యి పడకపోతే చీకటి పడ్డా మోపు గట్టు మీదే ఉంటుంది.

ఇది పల్లెలో అందరికీ తెలిసినదే. అమెరికాలో పుట్టిన ఒక ఆటలో ఇదే సంగతి మరో రూపంలో కనబడుతున్నది. ఆ ఆట పేరు జియోకాషింగ్. దాని గురించి వినని వారి కోసం ముందుగా నాలుగు మాటలు చెప్పుకుందాము.

దాచిపెట్టిన డబ్బాలు

భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహాల సాయంతో మనం ఎక్కడ ఉన్నామో తెలిపే ఏర్పాటును జి.పి.ఎస్. అంటారు. మన చేతిలోని ఫోను దారి చూపించేది దీని సాయంతోనే. ఇది మొదట అమెరికా సైన్యం కోసం తయారైనది. సామాన్య ప్రజలకు అందే సంకేతంలో ఆ ప్రభుత్వం కావాలనే కొంత తప్పు కలిపేది. దానివల్ల వంద మీటర్ల వరకు తేడా వచ్చేది. ఇక ఆ తప్పు కలపబోమని 2000 మే 1న అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రకటించారు. ఆ అర్ధరాత్రి నుండి జి.పి.ఎస్. ఎంతో ఖచ్చితంగా చోటు చూపించడం మొదలుపెట్టింది.

మే 3న ఆరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ దగ్గర డేవ్ అల్మర్ అనే ఆయన ఒక నల్లని బకెట్టును అడవిలో దాచిపెట్టాడు. అందులో ఒక నోటుపుస్తకం, పెన్సిలు, మరికొన్ని వస్తువులు ఉంచాడు. ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను కంప్యూటరు ద్వారా అందరికీ తెలియజేశాడు. వెదకి కనుగొన్నవారు ఏదైనా ఒకటి తీసుకోవచ్చు, బదులుగా ఏదైనా ఒకటి పెట్టాలి, పుస్తకంలో పేరు వ్రాయాలి. ఆట అంతే. ఈనాడు 190కి పైగా దేశాలలో ముప్పై లక్షలకు మించి ఇలాంటి డబ్బాలు దాచిపెట్టి ఉన్నాయి.

చేతులు మారే వస్తువులు

2001లో ఈ ఆటలోకి మరో సంగతి వచ్చింది. సైనికులు మెడలో వేసుకునే బిళ్లలాంటి చిన్న రేకు మీద ఒక నంబరు ముద్రిస్తారు. దానికి 'ట్రావెల్ బగ్' అని పేరు. దాన్ని ఒక బొమ్మకో తాళంచెవికో గొలుసుతో తగిలించి డబ్బాలో పెడతారు. ఆ వస్తువుకు ఒక గమ్యం ఉంటుంది. ఫలానా కొండకు చేరాలి, ఫలానా ఊరు చూడాలి అని యజమాని ముందే చెబుతాడు. డబ్బా తెరిచినవారు ఆ వస్తువును తీసుకొని, తాము వెళ్లే దారిలో మరో డబ్బాలో పెట్టి, నంబరు చూసి ఆ సంగతి కంప్యూటరులో వ్రాస్తారు. ఎక్కడో ఇంట్లో కూర్చున్న యజమాని తన వస్తువు ఏ ఊరు దాటిందో చూసుకుంటాడు.

మోసినవారికి కూలి లేదు. వారిలో చాలామంది ఒకరినొకరు ఎరుగరు. అయినా ఒక మనిషి మొదలుపెట్టిన ప్రయాణాన్ని ముక్కూ మొహం తెలియని మనుషులు తలా కొంతదూరం ముందుకు నడిపిస్తారు. 2013 నవంబరులో రిక్ మాస్ట్రాకియో అనే వ్యోమగామి ఇలాంటి బిళ్లనొకదాన్ని అంతరిక్ష కేంద్రానికి కూడా తీసుకువెళ్లాడు. తేలికైన వస్తువు గనుక అంత దూరం పోగలిగింది.

బరువు ఎక్కువైతే?

కొందరు సరదా కోసం ఈ బిళ్లను చాలా బరువైన వస్తువులకు తగిలిస్తారు. పాశ్చాత్య దేశాలలో బౌలింగ్ ఆటకు వాడే బంతులున్నాయి. వాటిలో అన్నిటికంటే బరువైనది సుమారు ఏడుంపావు కిలోలు. అలాంటిది ఏ డబ్బాలో పడుతుంది? చాలా డబ్బాలు మన టిఫిను గిన్నెంత కూడా ఉండవు. కొండదారిన నడిచి వచ్చినవాడు దాన్ని చేతపట్టుకొని ఎంతదూరం పోగలడు? విమానంలో ఎక్కించాలంటే సామాను బరువుకు లెక్క ఉంది.

కాబట్టి బరువైన వస్తువులకు వేరే దారి వెదకాలి. ఈ ఆటగాళ్లు అప్పుడప్పుడు ఒకచోట కలుసుకుంటారు. అక్కడ యజమాని మరొకరిని అడగాలి. "మీరు అటు వెళ్తున్నారా? మీ కారులో చోటుందా? దీన్ని తీసుకువెళ్లగలరా?" ఆ మనిషి ఒప్పుకుంటేనే వస్తువు కదులుతుంది.

కొందరు తమ కారుకే నంబరు చీటీ అంటిస్తారు. దాన్ని ఎవరూ మోయలేరు. చూసినవారు "చూశాము" అని వ్రాసి పోతారు. 2021 ఫిబ్రవరి 18న అంగారక గ్రహం మీద దిగిన నాసావారి పర్సివియరెన్స్ వాహనం సుమారు 1,025 కిలోలు ఉంటుంది. దాని పరికరాలలో ఒకదాన్ని సరిచూసుకోవడానికి అమర్చిన చిన్న బిళ్ల మీద కూడా ఈ ఆట నంబరు ఉంది. దాన్ని చూసి ఆనందించడమే తప్ప ఎవరూ చెయ్యి వేయలేరు.

ప్రియ చదువరులారా, ఇక్కడొక సత్యమున్నది. తేలికైనదాన్ని డబ్బాలో పెట్టి వెళ్లిపోవచ్చు, ఎవరో ఒకరు తీసుకుపోతారు. బరువైనదాన్ని మాత్రం మనిషిని అడిగి, మనిషి చేతికే అందించాలి. మన సంఘాలలో చాలా భారాలు కదలకుండా ఉండిపోవడానికి కారణం ఇదే. బరువైన వాటిని కూడా మనం తేలికైన వాటిలాగే ప్రార్థన చీటీ మీద వ్రాసి, పెట్టెలో వేసి ఇంటికి వెళ్తున్నాము. విన్నవారు "చూశాము" అన్నట్టు తల ఊపి వెళ్తున్నారు.

యోసేపు ఎముకలు

చేతులు మారుతూ సాగిన గొప్ప ప్రయాణం ఒకటి మన బైబిలులోనే ఉంది. యోసేపు 110 ఏండ్ల వయస్సులో చనిపోతూ తన ఎముకలను ఐగుప్తులో విడిచిపెట్టవద్దని ఇశ్రాయేలు కుమారుల చేత ప్రమాణం చేయించాడు. వస్తువు ఉంది, గమ్యం ఉంది. మోసేవారు మాత్రం అప్పటికి పుట్టనే లేదు.

తరాలు గడిచాయి. ఐగుప్తు విడిచిన రాత్రి జనమంతా తమ తమ మూటలతో హడావుడిగా ఉండగా, మోషే ఆ ఎముకలను మరువకుండా తీసుకువచ్చాడని నిర్గమకాండము 13వ అధ్యాయము చెబుతున్నది. నలభై ఏండ్లు అరణ్యంలో ఆ భారం వారితో నడిచింది. ఎత్తుకున్న మోషే దాన్ని దించలేదు, ఆయన నెబో కొండ మీదనే కన్నుమూశాడు. బయలుదేరిన నాటి పెద్దలలో చాలామంది దారిలోనే రాలిపోయారు. అయినా యాకోబు కొన్న షెకెము పొలంలో ఆ ఎముకలు పాతిపెట్టబడ్డాయని యెహోషువ గ్రంథము చివరి అధ్యాయములో చదువుతాము. ఒక్కరే మొత్తం దూరం మోయలేదు. కాని ఎవ్వరూ మధ్యలో పారవేయలేదు.

బండ్లు ఎవరికి ఇచ్చారు?

సంఖ్యాకాండము 7వ అధ్యాయము కూడా తీసి చూడండి. ఇశ్రాయేలు ప్రధానులు ఆరు బండ్లు, పన్నెండు ఎడ్లు తెచ్చి ఇచ్చారు. మోషే వాటిని లేవీయులకు సమానంగా పంచలేదు. గుడారపు తెరలు మోసే గెర్షోనీయులకు రెండు బండ్లు, నాలుగు ఎడ్లు ఇచ్చాడు. పలకలు, అడ్డకర్రలు, స్తంభాలు, దిమ్మలు మోసే మెరారీయులకు నాలుగు బండ్లు, ఎనిమిది ఎడ్లు ఇచ్చాడు. వెండి దిమ్మలు ఒక్కొక్కటి ఒక తలాంతు, అనగా ముప్పై కిలోలకు పైమాటే. అలాంటివి నూరు ఉన్నట్టు నిర్గమకాండములో ఉంది. పైగా మెరారీయులు మోయవలసిన వస్తువులను పేరు పేరు వరుసన లెక్క వ్రాసి అప్పగించాలని 4వ అధ్యాయములో దేవుడు చెప్పాడు. ఏది ఎవరి భుజం మీద ఉందో స్పష్టంగా తెలియాలి.

కహాతీయులకు మాత్రం ఒక్క బండి కూడా దక్కలేదు. పరిశుద్ధమైన వాటిని వారు భుజాల మీదనే మోయాలి. అంటే బండి మీద పంపవలసిన భారాలు కొన్ని, భుజాన ఎత్తుకోవలసినవి కొన్ని.

మన ఇంటిలో, మన సంఘములో

మంచాన పడిన అత్తగారు ఉన్న ఇల్లు ఒకటి తలచుకోండి. పట్నంలో ఉన్న కొడుకు నెలనెలా డబ్బు పంపుతాడు. మంచిదే, అది బండి. కాని రాత్రి రెండు గంటలకు లేచి పక్క మార్చేది కోడలు. ఆ భుజం మీద భారం ఏడాది, రెండేళ్లు, ఐదేళ్లు ఉంటుంది. ఆదివారం గుడి మెట్ల దగ్గర అందరూ "ఎలా ఉందమ్మా మీ అత్తగారికి?" అని అడుగుతారు. "ఈ శుక్రవారం రాత్రి నేను వచ్చి కూర్చుంటాను, నువ్వు పడుకో తల్లీ" అనేవారు ఎంతమంది? ఆ ఒక్క మాట లేక ఎంతమంది స్త్రీలు మౌనంగా నలిగిపోతున్నారో దేవునికే తెలుసు.

గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయములో పౌలు ఒకచోట ఒకరి భారాలు మరొకరు మోయమంటాడు. రెండు వచనాలు దాటగానే ఎవరి బరువు వారే మోసుకోవాలంటాడు. ఇది తికమక కాదు. గ్రీకు మూలములో రెండు వేరు వేరు మాటలున్నాయి. మొదటిది 'బరోస్', ఒకరిని నలగగొట్టే భారం. రెండవది 'ఫోర్తియోన్', ఎవరికి వారు మోసుకోవలసిన మూట. మన మూటను పక్కవాడి నెత్తిన పెట్టకూడదు. పక్కవాడిని నలగగొట్టే భారాన్ని చూసి తప్పుకొని పోకూడదు. తాము వేలితోనైనా కదపని బరువులు ఇతరుల భుజాల మీద పెట్టేవారిని మన ప్రభువు ఎంత కఠినంగా గద్దించాడో మత్తయి 23వ అధ్యాయములో చూడండి.

ఆ ఆటలోవారు పాటించే మర్యాదలు మనకూ పనికివస్తాయి. ముందుకు నడిపించగలిగితేనే తీసుకోవాలి. తీసుకున్నదాన్ని అలమారలో పెట్టి మరచిపోకూడదు. ఎన్నో ట్రావెల్ బగ్‌లు ఇలాగే జాడ లేకుండా పోతాయి. "నేను చూసుకుంటాను" అని సంఘములో ఒప్పుకొని ఊరకున్నవారి వల్ల భారం మోసేవారికి రెండింతల నష్టం. వారు చూసుకుంటున్నారులే అని మిగిలినవారు కూడా తప్పుకుంటారు. ఇక మనవల్ల కాకపోతే దారిలో పారవేయక, మరొక మనిషి చేతికి అప్పగించి, ఆ సంగతి చెప్పాలి.

స్త్రీల సమాజములోను, యౌవనుల కూటములోను ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. మెరారీయులకు చేసినట్టు భారాలను పేరు పేరు వరుసన వ్రాయండి. ఫలానా తాతగారిని ఆసుపత్రికి తీసుకువెళ్లడం, ఈ నెల ఫలానావారు. ఫలానా విధవరాలి పొలం కోత, ఫలానా ముగ్గురు. పేరు లేని భారం ఎవరిదీ కాదు.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించడానికి

1. మన ఇంట్లో ఎక్కువ బరువు ఎవరి భుజం మీద ఉంది? వారిని మనం ఎప్పుడైనా అడిగామా?

2. మనం డబ్బు పంపి సరిపెట్టుకుంటున్న వాటిలో, మన భుజమే పెట్టవలసినది ఏది?

3. ఈ వారంలో ఎవరి దగ్గరకు వెళ్లి, కొంతదూరమైనా చెయ్యి వేయగలము? ఆ పేరు చెప్పి ప్రార్థించండి, ఆ తరువాత లేచి వెళ్లండి.