టేట్ భుజం
మన పిల్లలకు బేస్‌బాల్ పిచర్ తెలుసు, మనకు క్రికెట్ బౌలర్ తెలుసు. పిచర్ బంతిని గాల్లోనే తిప్పాలి; బౌలర్‌కు నేల కూడా తోడు. ఇంగ్లండ్ బౌలర్ మారిస్ టేట్ బంతి నేలను తాకాక ఇంకా జోరందుకునేదనేవారు.

మన సి.కె.నాయుడు పుట్టిన 1895లోనే టేట్ పుట్టాడు. 1912లో ససెక్స్‌కు ఆడటం మొదలుపెట్టి, పదేళ్ళకు స్పిన్ వదిలి వేగం పెంచాడు. 1924-25లో ఆస్ట్రేలియాలో అయిదు టెస్టుల్లో 38 వికెట్లు తీశాడు. 1926-27లో ఎం.సి.సి. జట్టుతో మన దేశం వచ్చి, ఆ పర్యటనలో 116 వికెట్లు, 1193 పరుగులు సాధించాడు. ఆ జట్టు మీదే నాయుడు బొంబాయిలో 153 కొట్టాడు.

1927 జనవరిలో ఆ జట్టు రంగూన్‌లోనూ ఆడింది. అప్పట్లో ఆ రేవులో బస్తాలు మోసినవారిలో మన తెలుగు కూలీలే ఎక్కువ. టేట్‌దీ కూలికి ఆడే ఆటే. అమెచ్యూర్ దొరలకు గది వేరు, మర్యాద వేరు. 1937లో ససెక్స్ అతన్ని వద్దంది. తరవాత పబ్‌లు నడుపుకుని బతికాడు.

లేఆఫ్ కాగితం ఒకసారి అందుకున్న నాబోటి ఇంజినీరుకు ఇది పాత కథలా అనిపించదు.