పెళ్ళి వీడియోలో మాట ఎందుకు వెనకబడుతుంది?

బళ్ళారి జిల్లా సండూరు తాలూకాలో, నారిహళ్ళ ఆనకట్ట పక్కన తారానగర్ ఉంది. అటు పెళ్ళి వీడియో అంటే తరచు రెండు భాషల పని. ఒక తరఫువాళ్ళు తెలుగులో పలకరిస్తే రెండో తరఫువాళ్ళు కన్నడంలో బదులిస్తారు. అలాంటి పెళ్ళి ఒకటి అనుకుందాం. స్టూడియో వాళ్ళు కెమెరాతో తీశారు. బావమరిది ఫోన్లో తీశాడు. మైకుసెట్టు మిక్సర్ దగ్గర ఒక చిన్న రికార్డరు పెట్టారు. మూడూ కలిసి ఒక కంప్యూటర్లోకి చేరాయి. ఎడిటింగు మొదలయ్యాక తేలిందేమిటంటే, మాంగల్యధారణ దగ్గర డోలు మీద పుల్ల పడుతోంది, చప్పుడు మాత్రం క్షణం ఆగి వస్తోంది.

ఇలాంటప్పుడు ఎడిటర్ కుర్రాళ్ళు మొదట అనే మాట ‘సిస్టమ్ స్లో అన్నా, ర్యామ్ వేయించాలి’ అని. వేయిస్తారు. డోలు మాత్రం దారికి రాదు. తప్పు యంత్రంలో ఉందో ఫైల్లో ఉందో దాని నడక చూస్తేనే చాలావరకు తెలిసిపోతుంది. స్క్రూడ్రైవరు తీసే ముందు ఆ నడక చూడాలి.

మొదటి పరీక్షకు పైసా ఖర్చు లేదు. తేడా ఉన్నచోట రెండు నిమిషాల ముక్కను ఎక్స్‌పోర్ట్ చేసి, మరో ఫోన్లో చూడండి. అక్కడ సరిగ్గా ఉండి, ఎడిటింగు టైమ్‌లైన్ మీద మాత్రమే ఆగి ఆగి నడుస్తుంటే తప్పు యంత్రానిది. ఎక్స్‌పోర్ట్ అయిన ముక్కలోనూ తేడా ఉంటే తప్పు ఫైళ్ళది లేదా సెట్టింగులది. అప్పుడు ఎంత ర్యామ్ వేసినా లాభం లేదు.

రెండో పరీక్ష నాకు ఇంకా ఇష్టం. టైమ్‌లైన్లో మొదట, మధ్యలో, చివర మూడు చోట్ల ఆగి, పెదవికీ మాటకీ ఎంత దూరముందో చూసుకోవాలి. మూడుచోట్లా ఒకే తేడా ఉంటే రికార్డరు ముందో వెనకో మొదలైందంతే. ధ్వనిని అంతమేర జరిపితే సరి. మొదట కలిసి ఉండి, పోనుపోను తేడా సమంగా పెరుగుతుంటే రెండు గడియారాలు రెండు వేగాలతో నడిచాయన్నమాట. కొన్నిచోట్ల కుదిరి, కొన్నిచోట్ల దూకుతుంటే ఫైలు లోపలే ఫ్రేముల లెక్క నిలకడగా లేదు.

తేడా ఎంతుంటే కంటికి పడుతుంది? అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ప్రమాణం ప్రకారం మాట బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనిషి పసిగట్టగలడు. వెనక వస్తే 125 దాకా పట్టించుకోడు. ఈ పక్షపాతం ఎందుకో సండూరు కొండల దగ్గర ఉండేవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. గనిలో మందు పేల్చినప్పుడు దుమ్ము ముందు లేస్తుంది, చప్పుడు తర్వాత వస్తుంది. కిలోమీటరు దూరానికి దాదాపు మూడు సెకన్లు. వెనక వచ్చే ధ్వనికి చెవి పుట్టినప్పటినుంచీ అలవాటు పడింది. చప్పుడు ముందొచ్చి దుమ్ము తర్వాత లేవడం ఎవరూ చూడలేదు. ఖచ్చితంగా కుదరనప్పుడు మాటను ఒక ఫ్రేము వెనక్కే వదలడం మేలు.

దూకే తేడాకు అసలు నిందితుడు చాలాసార్లు బావమరిది ఫోనే. సెకనుకు 30 ఫ్రేములని ఫోను మీద రాసి ఉన్నా, మండపంలో వెలుతురు తగ్గితే అది చాలాసార్లు ఫ్రేములు తగ్గించుకుంటుంది, మళ్ళీ పెంచుకుంటుంది. దీన్నే వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. ఫోన్లో చూసినంతసేపు తేడా తెలియదు, ఎందుకంటే ప్రతి ఫ్రేమూ ఎప్పుడు కనబడాలో ఫైల్లోనే రాసి ఉంటుంది. ఎడిటింగు సాఫ్ట్‌వేరు మాత్రం అన్నీ సమానమే అనుకుని వరసగా పేర్చేస్తే గొడవ మొదలవుతుంది. మందు సులువే. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లో ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్’ ఎంచుకుని ఆ ఫైలును మార్చి, మార్చినదాన్నే టైమ్‌లైన్లోకి తెచ్చుకోవాలి. ఎడిటింగు సగమయ్యాక ఈ పని పెట్టుకుంటే కత్తిరింపులన్నీ మళ్ళీ చూసుకోవాల్సి వస్తుంది కాబట్టి, ఫోను ఫైళ్ళకు మొదటిరోజే చేసేయడం నయం.

సమంగా పెరిగే తేడాకు లెక్క ఉంది. 29.97 ఫ్రేముల వీడియోను 30 అనుకుని నడిపిస్తే గంటకు 3.6 సెకన్లు తప్పుతుంది. మూడు గంటల పెళ్ళిలో దాదాపు 11 సెకన్లు. రికార్డరులోనూ కెమెరాలోనూ ఉండే గడియారపు స్ఫటికాల మధ్య పది లక్షల్లో 20 వంతుల తేడా ఉన్నా గంటకు 72 మిల్లీసెకన్లు పక్కకు పోతుంది. ఆ కొంచెం తేడాను ధ్వనిని సాగదీసి సరిచేయొచ్చు, లేదా పదిహేను నిమిషాలకోసారి ముక్కచేసి జరపొచ్చు. గొంతు స్థాయి కూడా మారిపోయిందనుకోండి, నాదస్వరం శ్రుతి దిగి బరువుగా వినిపిస్తోందనుకోండి, అప్పుడు శాంపిల్ రేటు, అంటే సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలిచారో ఆ లెక్క, చూడండి. 48,000తో రికార్డయిన గంట ధ్వనిని 44,100గా నడిపిస్తే అది 65 నిమిషాలకు పైగా సాగుతుంది. వీడియో పనికి మొదటినుంచీ అన్నిచోట్లా 48,000 పెట్టుకుంటే ఈ చిక్కు రాదు.

ధ్వనిలో ఇంకో వింత. ఎడిటరు హెడ్‌ఫోన్లో మంత్రాలు చక్కగా వినిపిస్తాయి. పెళ్ళివారు ఒకే స్పీకరున్న ఫోన్లో పెడితే మేళం ఉంటుంది, పురోహితుడి గొంతు ఉండదు. మిక్సర్ బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌ను రికార్డరు స్టీరియో మైకు రంధ్రంలోకి నేరుగా కలిపితే ఇలా అవుతుంది. ఎడమ తీగలో పైకి లేచిన తరంగం కుడి తీగలో కిందికి దిగుతుంది. ఒకే స్పీకరు ఆ రెంటినీ కూడేసరికి మిగిలేది సున్నా. మేళం కెమెరా సొంత మైకు ట్రాకులోంచి వస్తోంది కాబట్టి బతికింది. ఆ మిక్సర్ ట్రాకులో కుడి చానల్ తీసేసి, ఎడమదాన్నే రెండువైపులా నింపితే పురోహితుడు తిరిగొస్తాడు.

ఇక నిజంగానే యంత్రం నెమ్మదించిందనుకుందాం. హెచ్.265 లాంటి కొత్త ఫార్మాట్లు ప్రతి ఫ్రేమునూ నిండు బొమ్మగా దాచవు. కిరాణాకొట్టు ఖాతాలో నిలవ ఒకసారి రాసి, ఆపైన జమలూ ఖర్చులూ మాత్రమే రాసుకున్నట్టు, ఒక నిండు బొమ్మ తర్వాత మారినవాటి లెక్కే ఉంటుంది. మధ్యలో ఒక ఫ్రేము దగ్గర కత్తిరించాలంటే కంప్యూటరు వెనక్కి వెళ్ళి లెక్క కూడుకుంటూ రావాలి. అందుకే ఆడించడానికి బాగున్న ఫైలు ఎడిటింగుకు మొరాయిస్తుంది. చిన్న సైజు ప్రాక్సీ ఫైళ్ళు చేసుకుని వాటిమీద కత్తిరించి, చివరి ఎక్స్‌పోర్ట్‌కు అసలు ఫైళ్ళు వాడటమే దీనికి దారి.

యంత్రం నెమ్మదించడానికి మరో కారణం వేడి. బళ్ళారి ఎండ సంగతి సరేసరి, వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది. గది 25 డిగ్రీల నుంచి 42కు పోతే, అదే పనికి ప్రాసెసరూ దాదాపు అన్ని డిగ్రీలే ఎక్కువ వేడెక్కుతుంది. నూరు దరిదాపుల్లోకి రాగానే తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దీని గుర్తు ఏమిటంటే రెండరు, అంటే చివరి వీడియో ఫైలు తయారీ, మొదటి పది నిమిషాలు పరుగెత్తి, తర్వాత నడుస్తుంది. ఖనిజం లారీలు తిరిగే దారుల్లో ఎర్రదుమ్ము ఫ్యాను వెనక రేకుల్లో దుప్పటిలా పేరుకుంటుంది. మిషను ఆపి, ప్లగ్గు తీసి, ఫ్యాను రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయరుతో ఊదాలి.

రెండరు ప్రతిసారీ ఒకేచోట ఆగిపోతే అది వేడి పని కాదు. అక్కడున్న క్లిప్పుదో ఎఫెక్టుదో తప్పు. గంట వీడియోను సగం చేసి, ఆగిన సగాన్ని మళ్ళీ సగం చేస్తూ పోతే ఆరు ప్రయత్నాల్లో నిమిషంలోపు ముక్క దొరుకుతుంది. పెన్‌డ్రైవులోకి నేరుగా రెండరు చేస్తూ సరిగ్గా 4 జీబీ దగ్గర ఆగితే మాత్రం వెతకొద్దు. ఆ డ్రైవు ఫ్యాట్32లో ఉంది, అంతకు మించిన ఫైలును అది పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చుకోండి, లోపలున్నవి ముందు కాపీ తీసుకుని.

పేర్ల ప్లేటు దగ్గర మన లిపుల గొడవ వేరే. ‘లక్ష్మి’ అని కొడితే వత్తులు విడిపోయి పక్కపక్కన కూర్చుంటే ఫాంటును తిట్టకండి. ప్రీమియర్ సాఫ్ట్‌వేర్లో ఎడిట్ చేస్తుంటే, దాని ప్రిఫరెన్సుల్లో గ్రాఫిక్స్ కింద టెక్స్ట్ ఇంజిన్‌ను ‘సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్’కు మార్చి, పేరు కొత్తగా టైపు చేయండి. తెలుగుకు పాత అను, కన్నడానికి పాత నుడి ఫాంట్లతో చేసిన టైటిల్ వేరే కంప్యూటర్లో ఇంగ్లీషు అక్షరాల గుంపుగా కనబడితే, అక్కడ ఆ ఫాంటు లేదని అర్థం. ఇప్పుడైతే యూనికోడ్‌లో రాసుకోవడమే తేలిక. తెలుగు, కన్నడ అక్షరాలు చూపుకు అక్కాచెల్లెళ్ళే అయినా యూనికోడ్‌లో వాటి ఇళ్ళు వేరు, తెలుగు ఫాంటులో కన్నడం లేకపోతే ఖాళీ డబ్బాలు వస్తాయి. రెండు పేర్లకు రెండు లేయర్లు పెట్టి, ఒకదానికి నోటో సాన్స్ తెలుగు, మరొకదానికి నోటో సాన్స్ కన్నడ ఇచ్చి, ఆ ఒక్క ఫ్రేమును రెండు తరఫులవాళ్ళకూ పంపి, వాళ్ళు సరేనన్నాకే రెండరు పెట్టండి.