బాలికలు నడిపిన సభ

“చీటీ చూపండి అమ్మగారూ” అని ద్వారమున నిలిచిన పదమూడేండ్ల బాలిక మమ్ము నాపినది. ఆహ్వానపత్రమును మేమింట మఱచి వచ్చితిమి. ప్రధానోపాధ్యాయినిగారు దూరము నుండి చేయి యూపి “వారిని రానిమ్ము” అనినను ఆ చిన్నది కదలలేదు. తుదకు వారే వచ్చి మఱియొక చీటీ వ్రాసి యిచ్చిన పిమ్మట గాని మాకు ప్రవేశము దొరకలేదు. కొంచెము చిన్నబోయితి మనుట నిజము. గంట గడచిన తరువాత అందలి కారణము తెలిసి నవ్వుకొంటిమి.

కాకినాడకు కొంత దూరమున నున్న యొక గ్రామమునందు, బాలికోన్నత పాఠశాలలో ఇటీవల జరిగిన సాంవత్సరికోత్సవ మిది. అధ్యక్షురాలు, కార్యదర్శిని, స్వచ్ఛందసేవికలు అందఱును విద్యార్థినులే. ఉపాధ్యాయినులు వెనుక వరుసలో తల్లులతో గలిసి చాపలపై గూర్చుండిరి. మొదట ప్రార్థన, పిదప ప్రతిజ్ఞ. దేశమందలి పాఠశాలలలో నిత్యము చదువు నా ప్రతిజ్ఞను 1962లో విశాఖపట్టణమున తెలుగులోనే రచించినవారు పైడిమఱ్ఱి వెంకటసుబ్బారావుగారని యొక చిన్నది చెప్పగా, మా ప్రక్కనున్న తల్లి “మనవాళ్లు రాసిందేనా!” అని పైకే యనెను.

అటుపిమ్మట చిన్న నాటకము. 1923 డిసెంబరులో కాకినాడయందు కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు, ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున కాపున్న దుర్గాబాయి, టిక్కెట్టు లేదని జవహర్లాల్ నెహ్రూగారినే యాపినది. నిర్వాహకులు కోపించినను ఆమె తన కిచ్చిన యుత్తరువును విడువలేదు. టిక్కెట్టు కొని తెచ్చిన తరువాతనే వారిని లోనికి బోనిచ్చెను. అప్పటి కామె వయస్సు పదునాలుగేండ్లు. తరువాత రాజ్యాంగ పరిషత్తులో సభ్యురాలైన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు ఆమెయే. ఇక్కడ దుర్గాబాయి వేషము ధరించినది మమ్ము నాపిన బాలికయే! నెహ్రూగారి టోపీ మాటిమాటికి కన్నులమీదికి జాఱుచుండగా సభ యంతయు నవ్వులతో నిండెను. తాను నేర్చిన హిందీని స్త్రీలకు నేర్పుటకై దుర్గాబాయి చిన్ననాడే పాఠశాల నడిపిన సంగతి గూడ నాటకమున జేర్చియున్న బాగుండెడిది.

బహుమతులు మార్కులను బట్టి తరగతికి మువ్వురికే యిచ్చిరి. ఇది మాకు నచ్చలేదు. ఏలయన, ఆ దినమున మేము చూచిన గొప్ప విజయమునకు బహుమతి లేకపోయెను. జూన్ నెలలో ఒత్తక్షరములను గూడబలుకుకొనలేని యేడవ తరగతి బాలిక యొకతె వేదిక నెక్కి ఒక పుట చదివినది. నడుమ నొక మాటవద్ద ఆగిపోయెను. ఎవ్వరును నవ్వలేదు. ముందు వరుసలోని పిల్ల మాట యందింపబోగా అధ్యక్షురాలు చేసన్నతో వారించెను. సభ వేచియుండెను. బాలిక పంక్తి మొదటికి వచ్చి, ఈసారి తడబడక చదివి, పుట ముగించినది.

ఆమె తల్లి మా ప్రక్కనున్న యామెయే. కూలిపని చేయునది, అక్షరము రానిది.

“తప్పుల్లేకుండా చదివిందా అమ్మా?” అని మమ్మడిగినది.

“ఒక్కచోట ఆగింది, తరువాత సరిగా చదివింది” అంటిమి.

“ఆగితే ఆగింది, చదివింది గదా!” అని కొంగుతో కన్నులు తుడుచుకొన్నది.

కడపట పదవ తరగతి బాలికలను అధ్యక్షురాలు వరుసగా నిలువబెట్టి, వచ్చు సంవత్సర మెక్కడ చదువబోవుదురో సభకు జెప్పుమనెను. ఒకతె ఇంటర్మీడియట్ అనెను, ఒకతె పాలిటెక్నిక్ అనెను. నాలుగవ పిల్ల మాత్రము “మా ఊళ్లో కాలేజీ లేదు” అని కూర్చుండినది. చప్పట్లు కొట్టవలెనో వద్దో యెవ్వరికిని దోచలేదు. ద్వారమువద్ద నిలుచున్న ఆమె తండ్రి తల వంచుకొనెను. ఇంతమందిలో ఆ ప్రశ్న యడుగవచ్చునా యని మాకప్పుడు సందేహము గలిగినది.

సభ ముగిసి మేము బయలుదేఱునప్పటికి ఆయన ప్రధానోపాధ్యాయినిగారితో మెల్లగా మాటాడుచుండెను. పట్టణమునకు బోవు బస్సు ఉదయ మెన్ని గంటలకు, సాయంకాలము చీకటి పడకముందే తిరిగి వచ్చునా యని యడుగుచుండెను. ఆమెకు దెలియక అధ్యక్షురాలిని బిలిచిరి. “మా అక్క ఆ బస్సులోనే వెళ్తుందండీ” అని యా పిల్ల మా చేతిలోని చీటీ దీసికొని, దాని వెనుకవైపున వేళలు వ్రాసి, ఆయన కిచ్చెను.